కుక్కకు బీమా చేయించే ముందు ఆ పాలసీ దేనికి డబ్బిస్తుందో చూడండి

సంపాదకుడు గారికి,

అయ్యా,

పెంపుడు కుక్కలకు, పిల్లులకు బీమా గురించి అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. మా క్లినిక్కుల్లో అడిగినా, మా బీమా ఆఫీసుల్లో అడిగినా ప్రశ్న ఒక్కటే: ‘అన్నిటికన్నా తక్కువలో ఏది వస్తుంది?’ ఆ ప్రశ్న దగ్గరే చాలామంది దారి తప్పుతున్నారు. మన దేశంలో కుక్కల బీమా అనే ఒక్క పేరు మీద రెండు వేర్వేరు పాలసీలు అమ్ముతున్నారు. ఒకటి కుక్క చనిపోతే దాని ఖరీదు ఇస్తుంది. రెండోది కుక్కను బతికించుకోవడానికి అయిన ఖర్చు ఇస్తుంది. మొదటిది చవక. జనానికి కావలసింది రెండోది. తక్కువ ప్రీమియం చూసి మొదటిది కొని, జబ్బు చేశాక ఆస్పత్రి బిల్లు పట్టుకుని వచ్చేవాళ్లకు చెప్పడానికి మా దగ్గర మంచి మాట ఉండటం లేదు. అందుకే మీ పత్రిక ద్వారా ఈ వివరాలు రాస్తున్నాం.

మొదటి రకం మన ఊళ్లకు కొత్త కాదు. పాడిగేదె బీమా తీరే. గేదె ఖరీదు ఇంత అని పశువైద్యుడు రాసిస్తాడు, చెవికి ట్యాగు వేస్తారు, గేదె చచ్చిపోతే ఆ ఖరీదు రైతు చేతికి వస్తుంది. గేదెకు జ్వరమొస్తే మందుల ఖర్చు ఆ పాలసీలో లేదు. గేదె విషయంలో అది సబబే, రైతు పోగొట్టుకునేది పాడిని, పెట్టుబడిని. న్యూ ఇండియా, ఓరియంటల్ లాంటి ప్రభుత్వ రంగ కంపెనీలు కుక్కలకు ఇస్తూ వచ్చిన పాలసీ ఈ అచ్చులో పోసినదే. మామూలుగా 8 వారాల వయసు నుంచి 8 ఏళ్ల దాకా తీసుకుంటారు. ప్రీమియం కుక్క ఖరీదులో సుమారు 5 శాతం. రూ.20 వేలు ఖరీదు రాయిస్తే రూ.1,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి రూ.1,180. ప్రమాదంలో గానీ, పాలసీ నడుస్తుండగా వచ్చిన జబ్బుతో గానీ కుక్క చనిపోతే డబ్బిస్తారు. దొంగతనం, విషప్రయోగం, ఇతరులకు గాయం చేస్తే కట్టాల్సిన పరిహారం లాంటివి అదనపు ప్రీమియంతో కలుపుకోవచ్చు.

ఇప్పుడు ఒక పార్వో కేసు చూడండి, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు ఇది. మూడు నెలల కుక్కపిల్ల పొద్దున పాలు ముట్టదు. సాయంత్రానికి వాంతులు. తెల్లారేసరికి నెత్తుటి విరేచనాలు, ఒక్కసారి చూసినవాళ్లు మరిచిపోలేని వాసన. ముందుకాలికి క్యాన్యులా పెట్టి ఐదు నుంచి ఏడు రోజులు సెలైన్ ఎక్కించాలి. వాంతులు ఆగడానికి ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్, మధ్యమధ్య రక్తపరీక్షలు, రాత్రంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. వేళకు తెస్తే చాలా పిల్లలు బతుకుతాయి. బతికిన పిల్లకు మొదటి రకం పాలసీ రూపాయి కూడా ఇవ్వదు. ఇవ్వకపోవడం కంపెనీ మోసం కాదు, ఆ పాలసీ రాసిందే అలా. మన అవసరానికి అది సరిపోదు, అంతే.

రెండో రకం, అంటే వైద్యం ఖర్చు ఇచ్చే పాలసీలు, మన దగ్గర ఇటీవల వచ్చినవి. బజాజ్ 2020లో కుక్కలకు తెచ్చింది, ఆ తర్వాత పిల్లులకూ ఇచ్చింది. 2021లో ఫ్యూచర్ జనరాలి కుక్కలకు ఆరోగ్య పాలసీ మొదలుపెట్టింది. 2024లో హెచ్‌డీఎఫ్‌సీ ఎర్గో కుక్కలకూ పిల్లులకూ కలిపి ఒకటి తెచ్చింది. డిజిట్ కూడా ఈ రంగంలో ఉంది. కంపెనీల పేర్లూ పాలసీల షరతులూ మారుతూనే ఉన్నాయి కాబట్టి ఏది మేలైనదని ఇక్కడ రాస్తే ఆర్నెల్లకే అది పాతబడుతుంది. ఏం చూడాలో చెబితే ఎప్పటికైనా పనికొస్తుంది.

ఈ పాలసీలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. ఆపరేషన్, ఆస్పత్రిలో ఉంచడం ఒక ముక్క. మరణం ఒకటి. బయటి రోగిగా చూపించుకునే ఖర్చు, అంటే ఓపీడీ, ఇంకొకటి. ప్రాణాంతక జబ్బులు, దీర్ఘకాలం మందులు, తప్పిపోవడం, ఇతరులకు పరిహారం, ఇలా ఒక్కోదానికి ఒక్కో మొత్తం, ఒక్కో ప్రీమియం. ప్రకటనలో ‘రూ.300 నుంచి మొదలు’ అని కనిపించేది మిగతా ముక్కలన్నీ తీసేసిన, చిన్న జాతి కుక్కకు, అన్నిటికన్నా తక్కువ మొత్తానికి వచ్చే ధర. దాన్ని చూసి తొందరపడకండి. బడ్జెట్ తక్కువైనప్పుడు మేము చెప్పేది ఇదీ: ఆపరేషన్, ఆస్పత్రి ఖర్చు అనే ముక్కను వీలైనంత పెద్ద మొత్తానికి తీసుకోండి. ఇతరులకు పరిహారం అనే ముక్కను కలుపుకోండి, అది సాధారణంగా ఖరీదు కాదు. మరణం, ఓపీడీ వదిలేయవచ్చు. ఓపీడీకి కంపెనీ ఇచ్చే పరిమితి చిన్నది, దానికి కట్టే ప్రీమియం పెద్దది. ఏడాదికి నాలుగుసార్లు చూపించుకునే ఖర్చు ఎలాగూ మనకు ముందే తెలిసిన ఖర్చు. తెలిసిన ఖర్చుకు బీమా అక్కర్లేదు.

ఎంత మొత్తానికి తీసుకోవాలన్నది ఊహించి రాయకండి. మీరు రోజూ వెళ్లే క్లినిక్కుకు వెళ్లి మూడు ధరలు అడగండి. పార్వో కేసును ఐదు రోజులు ఉంచితే ఎంత? తొడ ఎముక విరిగితే ప్లేటు వేసే ఆపరేషన్‌కు అన్నీ కలిపి ఎంత? మగపిల్లికి మూత్రం బిగిస్తే, అంటే అడ్డుపడి రాకపోతే, మత్తిచ్చి గొట్టం వేసి మూడు రోజులు ఉంచితే ఎంత? మీ ఊళ్లో ఈ మూడింటిలో ఏది పెద్దదైతే కనీసం అంత మొత్తం ఉండాలి. హైదరాబాద్‌లో ఉన్న ధర ఖమ్మంలో ఉండదు, విశాఖలో ఉన్నది అనంతపురంలో ఉండదు.

చవక అన్నమాటకు లెక్క వేరే ఉంది. ఉదాహరణకు బిల్లు రూ.24 వేలు అయిందనుకోండి. అందులో దూది, గ్లవ్స్, తిండి, రిజిస్ట్రేషన్ లాంటివి రూ.3 వేలు. అవి పాలసీలోకి రావు. మిగిలింది రూ.21 వేలు. డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయింలో ముందు మనమే భరించాల్సింది, రూ.2 వేలు. మిగిలింది రూ.19 వేలు. కో పే 20 శాతం ఉంటే అందులో ఐదో వంతు మళ్లీ మనదే. చేతికొచ్చేది రూ.15,200. అదే కేసుకు పాలసీలో ‘ఒక్కో జబ్బుకు రూ.10 వేలు మించదు’ అని ఉపపరిమితి రాసి ఉంటే వచ్చేది పది వేలే. పైన బీమా మొత్తం రూ.50 వేలు అని పెద్ద అక్షరాల్లో ఉన్నా లాభం లేదు. అందుకే రెండు పాలసీలను పోల్చేటప్పుడు ప్రీమియాలను పక్కపక్కన పెట్టకండి. ఒకే ఊహాబిల్లును రెండు పాలసీల్లోనూ పై వరసలో నడిపించి, చివర చేతికి ఎంతొస్తుందో చూడండి. పది నిమిషాల పని. ఏజెంటునే కాగితం మీద వేసి చూపమని అడగండి, వెయ్యలేకపోతే ఆ పాలసీ అతనికీ తెలియదని అర్థం.

వెయిటింగ్ పీరియడ్ గురించి కొంచెం ఎక్కువ రాయాలి, తిరస్కరణలు ఎక్కువ పుట్టేది అక్కడే. పాలసీ మొదలైన రోజు నుంచి కొన్నాళ్ల దాకా వచ్చిన జబ్బుకు డబ్బివ్వరు. కంపెనీని బట్టి, జబ్బును బట్టి 15 రోజుల నుంచి కొన్ని నెలల దాకా ఉంటుంది. ప్రమాదాలకు మామూలుగా ఈ నిరీక్షణ ఉండదు, లేదా తక్కువ. ఇది పార్వో దగ్గర ఎలా దెబ్బకొడుతుందో చూడండి. ఆ వైరస్ ఒంట్లో పడ్డాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు. పెంపకందారు దగ్గరో, అంగట్లోనో అంటుకున్న పిల్ల మన ఇంటికొచ్చిన వారంలోనే పడిపోతుంది. ఇంటికి తెచ్చిన రోజే పాలసీ కొన్నా అది నిరీక్షణ లోపే. పైగా మూడు నెలలు నిండాకే తీసుకునే పాలసీలు ఉన్నాయి. పార్వో విజృంభించేది ఆరు వారాల నుంచి ఆరు నెలల మధ్య. అంటే కుక్కపిల్లకు అన్నిటికన్నా ప్రమాదమైన రోజుల్లో బీమా చేతికి అందదు. ఆ రోజులకు ఉన్న రక్ష టీకా ఒక్కటే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది, మూడు నాలుగు వారాలకు ఒకసారి చొప్పున బూస్టర్లు నాలుగు నెలల వయసు దాటేవరకు, మూడు నెలలకు రేబిస్, ఆపై ఏటేటా డాక్టరు చెప్పినట్టు. రెండో బూస్టర్ పడే దాకా పిల్లను వీధిలో నేల మీద దించకపోవడం మంచిది. టీకా వేయించని కుక్కకు ఆ టీకాతో ఆగే జబ్బు వస్తే సాధారణంగా కంపెనీలు ఇవ్వవు, అది పాలసీల్లో మామూలుగా ఉండే షరతు.

మన ప్రాంతంలో దీనికన్నా చిక్కైనది టిక్ ఫీవర్. పిడుదులు, కొందరు గోమార్లు అంటారు, కుట్టడం వల్ల వచ్చేది. ఎర్లీకియా అనే క్రిమి ఒంట్లో పడ్డాక ఒకటి నుంచి మూడు వారాలకు జ్వరం రావచ్చు, రాకుండా నెలల తరబడి అణిగి ఉండి ఒకరోజు ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కులోంచి రక్తం కారవచ్చు. అప్పుడు కంపెనీ డాక్టరు అడిగే మాట: ఇది పాలసీకి ముందునుంచీ ఉన్న జబ్బు కాదని రుజువేది? మన దగ్గర రుజువుండదు. దీనికి ఉపాయం ఉంది, చాలామందికి తెలియదు. పాలసీ తీసుకునే ముందు వారంలో కుక్కకు పూర్తి రక్తపరీక్ష చేయించి, టిక్ ఫీవర్ పరీక్ష కూడా పెట్టించి, తేదీతో ఉన్న రిపోర్టు దాచుకోండి. అందులో ప్లేట్‌లెట్లు సరిగ్గా ఉండి, పరీక్ష నెగెటివ్ వస్తే తర్వాత వచ్చింది కొత్త జబ్బేనని వాదించడానికి చేతిలో కాగితం ఉంటుంది. పాజిటివ్ వస్తే ముందు వైద్యం చేయించండి. డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు, డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి. వారానికే కుక్క హుషారుగా తిరుగుతోందని మానేస్తే క్రిమి లోపలే ఉంటుంది. మానేసిన సంగతి చీటీలో ఉంటే క్లెయిం దగ్గర అదీ అడ్డమొస్తుంది.

పిల్లుల మాట. మన దగ్గర పిల్లులకు వైద్యం ఖర్చు పాలసీలు ఇచ్చే కంపెనీలు కుక్కలకన్నా తక్కువ. ఉన్నవాటిలో రెండు సంగతులు విడిగా చూడాలి. ఒకటి, అపార్ట్‌మెంటు బాల్కనీ నుంచి పడిన కేసు ప్రమాదం కింద వస్తుందా, లేక యజమాని అజాగ్రత్త అంటారా అని రాతపూర్వకంగా అడగండి. బాల్కనీకి వల కట్టించడం పాలసీకన్నా ముందు చేయాల్సిన పని. రెండోది మగపిల్లి మూత్రం బిగియడం. దాని మూత్రనాళం చాలా సన్నది. చిన్న గడ్డలు, ఇసుకలాంటి పదార్థం అడ్డుపడితే పిల్లి ఇసుక డబ్బాలో మాటిమాటికీ కూర్చుంటుంది, ఏడుస్తుంది, చుక్క రాదు. చాలామంది మలబద్ధకం అనుకుని రోజు గడిపేస్తారు. ఒక రోజు దాటితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంది. గంటలు లెక్కపెట్టుకుని పరుగెత్తాల్సిన జబ్బు ఇది. ఒకసారి వచ్చిన పిల్లికి మళ్లీ రావచ్చు. మొదటిసారి డబ్బిచ్చిన కంపెనీని వదిలి వచ్చే ఏడు ఇంకో కంపెనీకి మారితే, వాళ్లు దాన్ని పాత జబ్బుగా రాసి పక్కన పెడతారు. అందుకే నాలుగు వందలు తక్కువని కంపెనీ మార్చకండి, గడువు తేదీ దాటనివ్వకండి. ఒక్కరోజు ఖాళీ వచ్చినా నిరీక్షణ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టే పాలసీలు ఉన్నాయి.

మనుషుల పారాసిటమాల్ బిళ్ల పిల్లికి విషం. సగం ముక్క కూడా ప్రాణం తీయగలదు. జ్వరంగా ఉందని ఇంట్లో ఉన్నది వేసి, తర్వాత విషప్రయోగం కింద క్లెయిం పెడితే రాదు. డాక్టరు చెప్పని మందు యజమాని వేయడం మినహాయింపుల్లో, అంటే డబ్బివ్వమని పాలసీలో రాసినవాటిలో, ఉంటుంది.

ఇక కాగితాలు. మా చేతికొచ్చే వ్యాక్సిన్ కార్డు ఎలా ఉంటుందో చెబుతాం. పైన పేరు దగ్గర ‘పప్పీ’ అని ఉంటుంది. కుక్క పేరు ఇప్పుడు బ్రూనో. పుట్టిన తేదీ ఖాళీ, వయసు దగ్గర ‘2 నెలలు’ అని ఉంటుంది. జాతి దగ్గర ‘ల్యాబ్’. కానీ ఆ తర్వాత చూసిన డాక్టరు చీటీలో ‘క్రాస్’. టీకా గడిలో సంతకం ఉంటుంది గానీ సీసా మీది స్టిక్కరు అతికించరు, దాని మీద ఉండాల్సిన బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఎక్కడా ఉండవు. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ఈ కార్డుతో ఇది ఫలానా కుక్కే అని, దానికి ఫలానా టీకా పడిందే అని కంపెనీ నమ్మడానికి దారి లేదు. ఇలాంటి కార్డు మీ దగ్గర ఉంటే ఇప్పుడే క్లినిక్కుకు తీసుకెళ్లి సరిచేయించుకోండి, జబ్బు చేశాక కాదు. దరఖాస్తులో కూడా జాతి నిజమే రాయండి. క్రాస్ అయితే క్రాస్, నాటు అయితే నాటు. ‘ల్యాబ్ అని రాస్తే ఖరీదు ఎక్కువ చూపించవచ్చు’ అని చెప్పే ఏజెంటు మాట వినకండి. తప్పుడు వివరం అన్న ఒక్క కారణంతో మొత్తం పాలసీ చెల్లదనవచ్చు. కుక్క ఖరీదు చూపించడానికి కొన్న రసీదు, జాతి కుక్కయితే కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్ పనికొస్తాయి. వీధి నుంచి తెచ్చి పెంచుకున్న నాటు కుక్కకు రసీదు ఉండదు, పశువైద్యుడు విలువ కట్టి రాసిచ్చిన కాగితమే ఆధారం.

గుర్తింపుకు అన్నిటికన్నా గట్టిది మైక్రోచిప్. బియ్యపు గింజంత ఉంటుంది, రెండు భుజాల మధ్య చర్మం కింద సూదితో వేస్తారు. అందులో 15 అంకెల నంబరు ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణంలో, 134.2 కిలోహెర్ట్జ్‌లో చదివేదే వేయించండి. వేసిన వెంటనే అక్కడే స్కానరుతో చదివించి, కార్డు మీద స్టిక్కరు అతికించుకోండి. ఆ నంబరు పాలసీలోనూ ప్రతి బిల్లులోనూ రాయించండి. చిప్ ఉన్నవాటికి ప్రీమియం కొంత తగ్గించే కంపెనీలు ఉన్నాయి. చిప్ లేకపోతే ఎడమ పక్క, కుడి పక్క, ముఖం, ఒంటిమీద మచ్చలున్న చోటు స్పష్టంగా ఫొటోలు తీసి ఉంచండి. కుక్క ముక్కు మీది గీతలు మన వేలిముద్రల్లా ఒకదానివి మరొకదానికి కలవవు. అందుకని ముక్కును వెలుతురులో దగ్గరగా తీసిన ఫొటో కూడా ఒకటి దాచుకోండి.

క్లెయిం వచ్చినప్పుడు మొదటి పని ఆస్పత్రికి పరుగెత్తడమే, కాగితం తర్వాత. కానీ ఆస్పత్రిలో చేర్చాక అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి, మెయిల్ కూడా పెట్టండి. ఫోన్ మాటకు సాక్ష్యం ఉండదు. ‘చికిత్స – రూ.6,000’ అని ఒక్క వరసలో రాసిచ్చిన చీటీ బిల్లు కాదు. రోజువారీ మందు, ఇంజెక్షన్, పరీక్ష, గది, డాక్టరు ఫీజు విడివిడిగా ఉండాలి. డిశ్చార్జి చీటీలో జబ్బు పేరు, మొదట లక్షణాలు కనిపించిన తేదీ ఉంటాయి. ఆ తేదీ దగ్గర జాగ్రత్త. ‘చాలా రోజులుగా తినడం లేదు’ అని కంగారులో మనం అన్న మాటను డాక్టరు అలాగే రాస్తే, నిరీక్షణ కాలంలోనే మొదలైందని క్లెయిం కొట్టేస్తారు. నిజంగా ఎన్ని రోజులో లెక్కవేసి చెప్పండి. రక్తపరీక్షలు, ఎక్స్‌రే, స్కానింగ్ రిపోర్టులు అసలువి తీసుకోండి. కుక్క చనిపోతే కంపెనీకి తెలియజేయకుండా పూడ్చవద్దు. పశువైద్యుడి మరణ ధ్రువీకరణ, చిప్ నంబరు కనిపించేలా ఫొటోలు కావాలి. కంపెనీ అడిగితే పోస్టుమార్టం కూడా. ఆ వేళలో ఇవన్నీ చేయడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఇంట్లో మనసు కొంచెం గట్టిగా ఉన్నవాళ్లకు ఈ పని ముందే అప్పజెప్పి ఉంచండి. దొంగతనమైతే పోలీసు ఫిర్యాదు నకలు తప్పనిసరి.

మినహాయింపుల్లో సాధారణంగా ఉండేవి: గర్భం, ఈనడం, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, పళ్ల శుభ్రం, చెవులు తోక కత్తిరించడం, జాతిపరంగా వచ్చే తుంటి కీలు జబ్బులు. ఈ చివరిది ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్ ఉన్నవాళ్లు వేలుపెట్టి చదవాలి. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు ఎద అయిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టడం మామూలు. ప్రాణం మీదికి తెచ్చే, ఖర్చు ఎక్కువయ్యే జబ్బు. గర్భసంచి జబ్బులను మినహాయించే పాలసీలో దానికి రాదు. వయసులో ఉండగానే ఆపరేషన్ చేయిస్తే ఆ జబ్బే రాదు.

ఇతరులకు పరిహారం గురించి పైన ఒక్క మాట అన్నాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ప్రకారం, పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్తపడని యజమానికి ఆర్నెల్ల వరకు జైలు గానీ, రూ.5 వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. జరిమానా బీమాలో రాదు. కరిచినవాళ్ల వైద్యానికి కోర్టు కట్టమన్న పరిహారం వస్తుంది, అది కూడా సాధారణంగా రేబిస్ టీకా, మున్సిపల్ లైసెన్సు సరిగ్గా ఉంటేనే. డెలివరీ కుర్రాళ్లు రోజూ మెట్లెక్కే అపార్ట్‌మెంట్లలో ఇది అవసరమైన ముక్క.

బీమా అందరికీ సరిపడదు. కుక్కకు ఎనిమిదేళ్లు దాటితే కొత్త పాలసీ దొరకడం కష్టం, దొరికినా మినహాయింపులు మిగిలినదాన్ని తినేస్తాయి. అలాంటప్పుడు నెలకు రూ.700 రికరింగ్ డిపాజిట్ వేయండి, ఏడాదికి అసలే రూ.8,400 అవుతుంది. పెద్ద చికిత్సకు రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆస్పత్రులు, హైదరాబాద్ నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నాయి. బయటికన్నా ఖర్చు చాలా తక్కువ, నిపుణులు ఉంటారు. వరసలో నిలబడాలి, ఉదయాన్నే వెళ్లాలి. చిన్న వయసు కుక్కకైతే రెండూ కలిపి నడపడం మేలు: పెద్ద ఖర్చుకు పాలసీ, చిన్న ఖర్చులకు డిపాజిట్.

కంపెనీ అన్యాయంగా కొట్టేసిందనిపిస్తే ముందు దాని ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పెట్టండి. దాంతోపాటు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ పెట్టవచ్చు, 155255కు ఫోన్ చేసినా తీసుకుంటారు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా తగాదాలు తీర్చే అధికారి, దగ్గరికి వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం పత్రాలు లేవన్న కారణంతోనే క్లెయిం తిరస్కరించకూడదు. క్లెయింకు నేరుగా సంబంధించినవి తప్ప మిగతా పత్రాలు పాలసీ ఇచ్చేటప్పుడే అడగాలి. ఏడాది పాలసీని ఒక్క క్లెయిం కూడా చేయకుండా మధ్యలో రద్దు చేసుకుంటే మిగిలిన రోజులకు ప్రీమియం వెనక్కి ఇవ్వాలి. ఈ రెండూ ఏజెంట్లు చెప్పరు.

ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది కాబట్టి మా విన్నపం నేరుగా వారికే. మనుషుల ఆరోగ్యానికి 2020 ఏప్రిల్ నుంచి ‘ఆరోగ్య సంజీవని’ పేరుతో అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మే పాలసీ తెచ్చారు. ధర ఒక్కటే మారుతుంది, కాబట్టి పోల్చుకోవడం తేలిక. కుక్కలకూ పిల్లులకూ అలాంటిదొకటి తేవాలి. అందులో నాటు కుక్కలకు, వీధి నుంచి తెచ్చుకున్న పిల్లులకు ఖరీదు అడగకుండా వైద్యం ఖర్చు ఇవ్వాలి. టీకా మొదలుపెట్టిన కుక్కపిల్లలకు, పిల్లి కూనలకు 8 వారాల నుంచే రక్షణ ఉండాలి. మనుషుల వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఎత్తేశారు. జంతువుల వైద్యం పాలసీ మీద 18 శాతం అలాగే ఉంది, దాన్నీ ఎత్తేయాలని జీఎస్టీ మండలికి ఐఆర్‌డీఏఐ సిఫార్సు చేయాలి. పశుసంవర్ధక శాఖలు పాడిపశువులకు 12 అంకెల చెవి ట్యాగు వేసి ఒక రికార్డు నడుపుతున్నాయి. మున్సిపాలిటీలు కుక్కకు లైసెన్సు ఇచ్చే రోజే చిప్ వేసి, ఆ నంబరు మీదే టీకాలు నమోదు చేస్తే కుక్కకూ అలాంటి రికార్డు ఉంటుంది, క్లెయిం దగ్గర ఇది ఏ కుక్క అన్న ప్రశ్నే రాదు.

ఇట్లు,
చిన్న జంతువుల వైద్యం, సాధారణ బీమా రంగాల్లో పనిచేస్తున్న కొందరం,
హైదరాబాద్